చియో వైపా, రింకా వైపా

ఉప్పాడలో జాందానీ చీర నేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మగ్గం గుంటలో కాళ్లు దించి ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. చీర వెడల్పులో ఒక సగం ఒకరిది, ఇంకో సగం రెండోవారిది. జరీ చుట్టిన చిన్న చిన్న కండెలతో నిలువు పడుగు పోగుల మధ్య పువ్వుని చేత్తోనే పొదుగుతారు. ఇద్దరి పనీ అయ్యాక అడ్డంగా నాడె విసిరి పేక కొడతారు. ఒకరు తొందరపడినా, ఇంకొకరు వెనకబడినా పువ్వు కుదరదు. మొగుడితో సర్దుకుపోవచ్చు గాని మగ్గం జోడీతో సర్దుకోలేమని అక్కడి ఆడవాళ్లు నవ్వుతూ అనుకుంటారు.

వెంకటదుర్గకు చాలా ఏళ్లపాటు అప్పాయమ్మ జోడీ. వరసకు పెద్దమ్మ. కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక దగ్గరి చూపు తగ్గి అప్పాయమ్మకు సన్నజరీ ఆనడం మానేసింది. "ఇంక నా వల్ల కాదమ్మా, పోగు మీద పోగు కనబడుతుంది" అని ఒకనాడు మగ్గం మీంచి లేచిపోయింది.

దుర్గ కొత్త జోడీ కోసం వెతుకుతున్న రోజుల్లోనే తుఫాను వచ్చి సముద్రం ఒడ్డునున్న ఇళ్లను ఒక వరస కోసుకుపోయింది. అందులో గణేష్‌బాబు ఇల్లు కూడా పోయింది. ఇంటితోపాటు మగ్గమూ పోయింది. అతను పెళ్లాంబిడ్డలతో లోపలి వీధికి వచ్చి, దుర్గ ఇంటికి కాస్త అవతల అద్దెకు దిగాడు. కాకినాడ హార్బరు నుంచి చేపల వ్యాను నడుపుతాడు. భార్య సత్యవేణికి నేతలో మంచి చెయ్యి. ఇక్కడ మగ్గానికి మనిషి లేదు, అక్కడ మనిషికి మగ్గం లేదు. వీధిలో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది గాని పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎందుకంటే గణేష్‌బాబు దుర్గకు స్వయానా మేనమామ కొడుకు. పిల్ల పుట్టినప్పుడే ఇద్దరికీ ముడి పెట్టేశారు. చిన్నప్పుడు అతన్ని పేరు పెట్టి కాకుండా "దుర్గ మొగుడు" అనే పిలిచేవారు. తీరా వయసొచ్చాక అతను పెద్దాపురం పిల్ల సత్యవేణిని చేసుకున్నాడు. మరుసటేడు దుర్గకు సుకుమార్‌తో పెళ్లయింది. సుకుమార్ బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. చేతులకు ఎప్పుడూ గ్రీజే గాని మనసు శుభ్రమైన మనిషి. దుర్గ సంసారం దుర్గకు నిండుగానే ఉంది. అయినా పెళ్లిళ్లలోనో పేరంటాల్లోనో సత్యవేణి ఎదురైతే "బాగున్నారా అక్కా", "బాగున్నానమ్మా" దాటి మాట ముందుకు సాగేది కాదు.

చివరికి అప్పాయమ్మే వెళ్లి సత్యవేణిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "చీర సగంలో ఆగిపోయింది. మీ మొహమాటాలు చీర మగ్గం దిగాక చూసుకోండి" అని ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి వెళ్లిపోయింది.

మొదట్లో మగ్గం మీద పని మాటలే వినబడేవి. "పువ్వయిందా?" "అయింది." "కండె మార్చాలి." "మార్చు." మోచేయీ మోచేయీ తగులుతుంటే ఇద్దరూ చెరోవైపు జరిగేవారు. కాని ఆ బల్ల మీద జరగడానికి ఎంత చోటుంటుంది కనక!

ఆ మౌనం భరించలేకే దుర్గ ఫోను తెచ్చి మగ్గం గుంజకు ఆనించి పెట్టింది. అందులో ఆమె చూసేది జపాను బొమ్మల సీరియల్. పిల్లలు దాన్ని యానిమే అంటారు. ఇంటర్ చదివే కూతురు హారతి వేసవి సెలవుల్లో తల్లికి ఆ అలవాటు చేసింది. తెలుగు మాటలతోనే వస్తుంది కాబట్టి చూడకపోయినా వింటూ పని చేసుకోవచ్చు.

"ఏంటిది దుర్గా, చిన్నపిల్లల బొమ్మలా?" అంది సత్యవేణి. పని కాని మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"బొమ్మలే గాని కథ పెద్దవాళ్లదే అక్కా. విను, నీకే తెలుస్తుంది."

కథ సముద్రపు ఒడ్డునున్న ఒక ఊళ్లో జరుగుతుంది. సోటా అని ఒక కుర్రాడు. పక్కింట్లో చియో అనే పిల్ల. ఉగ్గుపాలనాటి నుంచి ఒకరినొకరు ఎరుగుదురు. అతనికి ఆకలేస్తే ముందు ఆమెకు తెలుస్తుంది. బడి ఆఖరి ఏడాదిలో పట్నం నుంచి రింకా అనే పిల్ల వచ్చి చేరుతుంది. ఎవరి ముందూ తల వంచని పిల్ల. ఆమె వచ్చిన దగ్గర్నుంచి సోటా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాట మరిచిపోతుంటాడు. ఇద్దరు పిల్లలకీ సంగతి అర్థమైపోయింది. సోటా మాత్రం నోరు విప్పడు.

నాలుగు భాగాలు గడిచేసరికి సత్యవేణి తనే "ఇవాళ కొత్తది వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టింది. ఇంకో రెండు గడిచేసరికి ఇద్దరూ చెరో పక్షం చేరిపోయారు. చిత్రం ఏంటంటే, బావను చిన్నప్పటి నుంచి ఎరిగిన దుర్గ, కొత్తగా వచ్చిన రింకా వైపు చేరింది. కొత్తగా వచ్చి అతన్ని చేసుకున్న సత్యవేణి, పక్కింటి చియో వైపు చేరింది.

"ఎంతైనా ముందు నుంచీ ఉన్న పిల్ల ముందు నుంచీ ఉన్నట్టే. ఆ చోటు ఇంకొకరికి రాదు" అనేది సత్యవేణి, పోగుల మీంచి తల ఎత్తకుండా.

"అదేం లేదక్కా. రింకా గుమ్మంలోకి రాగానే వాడి మొహం ఎలా అయిపోతుందో చూడు. అది చూస్తే చాలదా?"

"మొహాల్దేముంది దుర్గా, మారుతుంటాయి."

ఈ గొడవ విని హారతి నవ్వి, తల్లిని ఫోన్లో ఒక గ్రూపులో చేర్చింది. యానిమే చూసే తెలుగువాళ్ల గ్రూపది. తణుకులో ఉద్యోగం చేసే ప్రసన్నకుమార్ అనే కుర్రాడు దాన్ని నడుపుతాడు. భీమవరం, రాజమండ్రి, అమలాపురం, ఎక్కడెక్కడి పిల్లలో అందులో ఉన్నారు. దుర్గ చేరగానే ఎవరో అడిగారు, "అక్కా, మీ షిప్ ఏదండీ?" అని.

దుర్గ గొంతు రికార్డు చేసి పంపింది. "మాకు షిప్పులు అయ్యీ లేవండీ. మా ఆయన బోటు ఇంజన్లు బాగుచేస్తారంతే."

గ్రూపంతా ఆ రోజు నవ్వుతూనే ఉంది. షిప్ అంటే హీరోకి ఎవరు జోడీ కావాలని మనం కోరుకుంటున్నామో ఆ జోడీ అని ప్రసన్నకుమార్ ఓపిగ్గా చెప్పాడు. అతను చియో పక్షం. మామూలు పక్షం కాదు, కరడుగట్టిన పక్షం.

ఆ పిల్లల వాదనలు వింటుంటే దుర్గకు కాలం తెలిసేది కాదు. సీరియల్ మొదట్లో వచ్చే పాటలో గొడుగు కింద సోటా పక్కన నిలబడ్డది చియో కాబట్టి ఆమే గెలుస్తుందని ఒకడు. ఆ గొడుగు రంగు రింకా జడకు కట్టుకున్న రిబ్బను రంగు కాబట్టి అదొక సూచనని ఇంకొకడు. చిన్నప్పటి స్నేహితురాలు ఇలాంటి కథల్లో ఎప్పుడూ ఓడిపోతుందని, అది రాసిపెట్టి ఉందని ఒక అమ్మాయి ఏడుపు బొమ్మలు పెట్టేది. చియో పక్షంవాళ్లు రింకాను దొంగదారిన వచ్చిందని తిట్టేవారు. రింకా పక్షంవాళ్లు చియోను చేతగానిదని తిట్టేవారు.

ఒకరోజు తిట్లు బాగా ముదిరాయి. దుర్గ నాడె పక్కన పెట్టి ఫోను అందుకుంది.

"ఏవండీ, చాలాసేపట్నుంచి వింటున్నాను. మీరంతా ఆ ఇద్దరాడపిల్లల్నీ పట్టుకుని తిడుతున్నారు. వాళ్లేం చేశారండీ? ఒకమ్మాయి ముందొచ్చింది, ఒకమ్మాయి వెనకొచ్చింది. ఆ మధ్యనున్నవాడికి నోరుంది కదా? ఔననో కాదనో చెప్పచ్చు కదా? వాడినెవరూ ఏమనరేంటండీ?"

వెనకాల మగ్గం చప్పుడుతో సహా ఆ గొంతు గ్రూపు దాటి ఎక్కడెక్కడికో వెళ్లింది. ప్రసన్నకుమార్ స్వయంగా రాశాడు. "దుర్గక్కా, ప్రతి ఎపిసోడ్ అయ్యాక మీరొక మాట చెప్పండి. జనం అడుగుతున్నారు." అలా దుర్గ వారం వారం మాట్లాడటం మొదలుపెట్టింది. పక్కనుంచి సత్యవేణి "చియో గురించి కూడా చెప్పు, పాపం" అని గుసగుసలాడేది. అది కూడా రికార్డయ్యేది. వినేవాళ్లకు సత్యవేణి "చియో అక్క" అయిపోయింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కథ మలుపు తిరిగింది. ఊళ్లో బాణసంచా పండగ. చియో కొత్త బట్టలు కట్టుకుని సోటా కోసం వంతెన దగ్గర ఎదురు చూస్తుంది. అటుగా వచ్చిన క్లాసు పిల్ల ఒకతె ఏమీ ఎరగనట్టు, "సోటా రింకాతో స్టేషన్‌కి వెళ్లాడుగా, నీకు చెప్పలేదా?" అంటుంది. చియో నవ్వి, "ఆ, చెప్పాడు" అంటుంది.

దుర్గ చేతిలో జరీ కండె ఆగిపోయింది. తెలియకుండానే అనేసింది. "నాకూ అచ్చం ఇలాగే తెలిసింది."

"ఏంటి?" అంది సత్యవేణి.

"మీ పెళ్లి సంగతి. పోగు కొనడానికి కొట్టుకెళ్తే ఎవరో అడిగారు, 'మీ బావ నిశ్చితార్థానికి ఏం చీర కట్టుకుంటున్నావే' అని. ఇంకా అనుకోలేదండీ అని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే పోగు కొననేలేదు." దుర్గ నవ్వబోయింది. "పోనీలే అక్కా, పాత సంగతి. బావ నిన్ను ఇష్టపడ్డందుకు నాకేం బాధ లేదు. ఒక్క మాట ముందు నాతో అనుంటే బాగుండేది. అంతే."

సత్యవేణి ఆమె వైపు పూర్తిగా తిరిగింది. ఆ బల్ల మీద అలా తిరగడం కష్టం. మోకాలు మగ్గానికి కొట్టుకుంది.

"నువ్వే కదా వద్దన్నావు?"

"ఏంటి వద్దన్నాను?"

"ఆయన్ని. నువ్వు వద్దన్నావనే కదా మా ఇంటికొచ్చారు. పెళ్లికి ముందు నేనే అడిగాను, 'మరి మీ మరదలుందంట కదా' అని. 'దుర్గకి నేనంటే ఇష్టం లేదు, వద్దంది' అన్నారు."

"నేనెప్పుడు వద్దన్నాను? నన్నెవరైనా అడిగితే కదా!"

ఫోన్లో బాణసంచా ఇంకా పేలుతూనే ఉంది. దుర్గ చెయ్యి చాపి ఆపేసింది.

సత్యవేణి మళ్లీ పోగుల వైపు తిరిగింది. తర్వాత నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "ఇన్నేళ్లూ నేనేమనుకున్నానో తెలుసా దుర్గా? నువ్వు కాదంటే మిగిలిపోయిన మనిషి, నా దగ్గరికొచ్చాడని. ఆయన ఎప్పుడన్నా దిగులుగా కూర్చుంటే నీ గురించేనేమో అనుకునేదాన్ని. నువ్వు ఎదురొస్తే తల దించుకుని వెళ్లిపోయేది అందుకే."

ఆ తల దించుకోవడాన్ని దుర్గ ఇన్నేళ్లూ గర్వమనుకుంది.

సత్యవేణి కండెలు డబ్బాలో సర్దేసి, "ఇవాళ్టికి చెయ్యి సాగదమ్మా" అని లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం సుకుమార్ టీ తాగుతుంటే దుర్గ జరిగిందంతా చెప్పింది. సుకుమార్ ముందు నవ్వాడు. భార్య మొహం చూసి ఆపుకున్నాడు.

"ఇప్పుడు మీ బావనడిగి ఏం చేస్తావు దుర్గా?"

"నేనేం అడగనండీ. నాకేం కావాలి? కాని నేను అనని మాట ఇన్నేళ్లు నా పేరు మీద తిరిగింది. అదే మింగుడుపడటం లేదు."

"నిజమే," అన్నాడు సుకుమార్. టీ ఇంకో గుక్క తాగి, "ఆ అబద్ధం వల్ల నాకైతే మేలే జరిగింది. అతన్ని మరీ తిట్టలేను" అన్నాడు. దుర్గ కోపంగానే గ్లాసు లాక్కుంది గాని, లోపలికి వెళ్లేటప్పుడు ఆమె మొహంలో కోపం లేదు.

మర్నాడు పొద్దున్న సత్యవేణి ఒక్కతే రాలేదు. వెనకాల గణేష్‌బాబు ఉన్నాడు. వ్యాను దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా ఇంకా ఐసు నీళ్లతో తడిగానే ఉంది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రా బావా, కూర్చో" అంది దుర్గ.

"పర్లేదు, నిలబడే ఉంటాలే" అన్నాడు. మెడ రుద్దుకున్నాడు. "అప్పుడు అత్తంటే భయం దుర్గా. నేను కాదన్నానంటే మా నాన్ననీ అత్తనీ ఎవరూ కలపలేరు. నువ్వు వద్దన్నావంటే నాన్న వెళ్లి అత్తని అడగడు, పెద్దాపురంవాళ్లు కూడా ఇంకేం అడగరు అనుకున్నాను. నీతో చెబుదామనే రెండుమూడుసార్లు వచ్చాను. నువ్వు మగ్గం మీద ఉండేదానివి. వెళ్లిపోయేవాణ్ణి."

"మగ్గం మీద ఉంటే మాటలు వినబడవా బావా?"

అతను తల దించుకున్నాడు. ఏదో ఒకనాడు అతను ఎదురుగా నిలబడితే అనాలని వయసులో ఉన్నప్పుడు దుర్గ దాచుకున్న మాటలు చాలా ఉండేవి. వెతికితే ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు.

సత్యవేణికి మాత్రం అడగాల్సింది ఉంది. భర్త వైపు చూడకుండా, మగ్గం మీది సగం నేసిన పువ్వుని చూస్తూ అడిగింది. "ఒక్క మాట చెప్పండి. నన్ను చూసి చేసుకున్నారా, ఎవరో ఒకరు కావాలని చేసుకున్నారా?"

గణేష్‌బాబు తెల్లబోయాడు. "అదేం మాట? నిన్ను చూసే! పెద్దాపురంలో మా ఫ్రెండు పెళ్లికొచ్చాను కదా. నువ్వు బంతిలో వడ్డిస్తున్నావు. ఎవరో ముసలాయన పనసపొట్టు కూర కావాలని మూడోసారి అడిగితే, 'తాతగారూ, గిన్నె మీ దగ్గరే పెట్టేస్తాను, మీరే అందరికీ వడ్డించండి' అన్నావు. అంతా నవ్వారు. నేను ఆ రోజే అనుకున్నాను."

"మరి ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేంటండీ?"

"నీకు తెలుసనుకున్నాను."

సత్యవేణి దుర్గ వైపు చూసింది. దుర్గ సత్యవేణి వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. గణేష్‌బాబుకు అందులో నవ్వాల్సిందేముందో అర్థం కాలేదు. బయట వ్యాను ఉందని, చేపలు పాడైపోతాయని చెప్పి గబగబా వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి సత్యవేణి కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ నవ్వు వల్లో, మరెందువల్లో దుర్గ అడగలేదు.

ఆ తర్వాత మగ్గం మీద పని వేగం పెరిగిందని చెప్పలేను. మాటలు ఎక్కువై పని తగ్గిందనే అప్పాయమ్మ విసుక్కునేది.

సీరియల్ ఆఖరి భాగం వచ్చిన రోజు ఇద్దరూ పని ఆపేసి చూశారు. అప్పాయమ్మ కూడా వచ్చి కూర్చుంది. సోటా రింకానే ఎంచుకున్నాడు. కాని అంతకు ముందు చియో ఇంటికి వెళ్లి, ఆమెను ఒడ్డుకు పిలిచి, తను ఎవరిని ప్రేమిస్తున్నాడో తన నోటితోనే చెప్పాడు. చెప్పడానికి అతను పడ్డ తంటాలు చూసి చియోయే అతనికి ధైర్యం చెప్పాల్సి వచ్చింది. అతను వెళ్లిపోయాక ఆమె ఒడ్డు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపుకి పాట కూడా పెట్టలేదు.

"ఏం కథో!" అంది అప్పాయమ్మ. "ఇద్దర్లో ఎవరికన్నా వేరే సంబంధం చూడచ్చు కదా."

గ్రూపులో ఆ రోజు శోకాలు, సంబరాలు కలగలిసిపోయాయి. రింకా పక్షంవాళ్లు మిఠాయి బొమ్మలు పంచుకుంటున్నారు. చియో ఓడిపోయిందని, రాసినవాళ్లకు మనసు లేదని రెండో పక్షంవాళ్లు తిట్టిపోస్తున్నారు. దుర్గ మాట కోసం అందరూ ఎదురు చూస్తున్నారు. రింకా పక్షమే కాబట్టి ఆమె సంబరపడుతుందనుకున్నారు.

దుర్గ ఫోను సత్యవేణి చేతికిచ్చింది. "ఈసారి నువ్వు మాట్లాడక్కా."

"నాకేం వచ్చు?"

"నాకు మాత్రం ఏం వచ్చని!"

సత్యవేణి గొంతు సవరించుకుంది. "అందరికీ నమస్కారమండీ. నేను చియో వైపు. ఓడిపోయింది ఓడిపోయింది అంటున్నారు. ఓడిపోడానికి అదేమన్నా కబడ్డీయాండీ? ఆ పిల్లకి ఎదురుగా వచ్చి నిజం చెప్పాడు. ఇంక రేపట్నుంచి ఆ పిల్ల ఎవరి మొహం చూసీ ఏదో ఊహించుకోనక్కర్లేదు. రింకాకి కూడా అంతే. తనని కావాలనే ఎంచుకున్నాడని తెలిసింది. అది తెలియకుండా కాపురం చేయడం ఎంత కష్టమో మీకిప్పుడే తెలియదులెండి, చిన్నపిల్లలు."

ప్రసన్నకుమార్ ఒప్పుకోలేదు. "మీరు చెప్పింది బాగుందండీ, కాని నాకైతే ఇప్పటికీ చియోనే కరెక్టు. వాడికి తెలియలేదంతే" అని రాశాడు. దానికి చాలామంది గుండె బొమ్మలు పెట్టారు. సత్యవేణి మాటకూ పెట్టారు. ఎవరి అభిప్రాయం వారి దగ్గరే ఉండిపోయింది.

ఆ చీర దిగాక, పోగు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇంకో పడుగు పంపించాడు. చీర దిగాక చూసుకుందామన్న మొహమాటాల గురించి ఎవరూ ఎత్తలేదు. సత్యవేణి మామూలుగానే పొద్దున్నే వచ్చి, తన సగం వైపు కూర్చుని, "ఫోన్లో కొత్తదేదో వచ్చిందని హారతి చెప్తుంది, పెట్టు" అంది. ఇది వంటలు నేర్పే బడి కథ. ఒక అబ్బాయి, ముగ్గురు అమ్మాయిలు. మొదటి భాగం సగం కాకముందే దుర్గ కళ్లజోడు పెట్టుకునే పిల్ల వైపు చేరింది. సత్యవేణి మాత్రం ఈసారి తొందరపడలేదు.

"ఉండు దుర్గా," అంది జరీ కండె అందుకుంటూ. "ముందు ఈ అబ్బాయి నోరు విప్పే రకమో కాదో చూడనీ."